రాజులు దాగిన గుహ

ఈజిప్టు దేశమును నైలునది దక్షిణమునుండి ఉత్తరమునకు చీల్చుకొని పోవుచున్నది. నదికి ఇరుప్రక్కల పచ్చని పొలములు సన్నని పట్టెవలె నుండును. వానిని దాటినచో ఎటు చూచినను ఇసుకయు, రాయియు తప్ప వేఱొకటి కానరాదు. ఈ నదియొడ్డున, నేడు లక్సరు నగరమున్న చోట, మూడువేల యేండ్లకు పూర్వము థీబ్సు మహానగరము వెలసియుండెను. బ్రతికియున్నవారి యిండ్లు చాలవఱకు తూర్పుగట్టున నుండెను. సూర్యుడు క్రుంకు దిక్కు గనుక పడమటిగట్టు మృతులకు నెలవయ్యెను. చనిపోయిన వారిని ఆ దేశస్థులు పడమటివారని పిలుచుటయు గలదు.

ఆ పడమటిగట్టున సున్నపురాతి కొండలను తొలిచి కట్టిన సమాధులు వందలకొలది కలవు. 19వ శతాబ్దము నాటికి ఆ సమాధులమీదనే గుర్నా అను పల్లె యొకటి అల్లుకొనియుండెను. కొందఱి యిండ్లకు ప్రాచీన సమాధియే పెరటిగది. పల్లెవారు కొంత సేద్యము చేయుచు, కొంత మేకలను మేపుచు, తఱచుగా సమాధులలో దొరకిన వస్తువులను యాత్రికులకు అమ్ముచు కాలము గడపుచుండిరి. అది దొంగతనమని వారికి తోచలేదు. తాతముత్తాతలు కాపురమున్న కొండలో దొరకిన వస్తువు తమదేయని వారి తలంపు. దూరదేశములనుండి వచ్చిన దొరలు అవే వస్తువులను ఓడలకెత్తి తీసికొనిపోవుట కన్నులార చూచినవారికి మఱియొక విధముగ తోచుట కష్టమే.

1922వ సంవత్సరమున హోవర్డు కార్టరు కనుగొనిన టుటన్‌ఖామెను సమాధిని గూర్చి మీరు వినియుందురు. అందలి బంగారమును చూచి లోకమంతయు అబ్బురపడెను. కాని టుటన్‌ఖామెను పిన్నవయసుననే గతించిన రాజు. అతనికంటె ఎన్నోరెట్లు ఘనులైన రాజుల శరీరములు అంతకు 41 ఏండ్లకు ముందే గుర్నా కొండలలో బయల్పడినవి. వారివద్ద బంగారము ఇంచుమించు లేదు. ఆ రాజుల కథయే యిది.

1870వ సంవత్సరము దాటిన పిమ్మట లక్సరు బజారులో మేలిరకపు ప్రాచీన వస్తువులు కొన్ని కానరాజొచ్చెను. సాధారణముగ యాత్రికుల కంటబడునవి విఱిగిన పెంకులును, నకిలీ బొమ్మలును మాత్రమే. నకిలీలు చేయుటలో గుర్నావారు సిద్ధహస్తులు! ఇవియో, అట్టివి కావు. రంగుల చిత్రములతో నిండిన పొడవైన పపైరసు చుట్టలు, చేవ్రాతగల చెక్కపలకలు, నిగనిగలాడు నీలిరంగు బొమ్మలు ఒకటొకటిగ వెలువడుచుండెను. కొన్నవారు వానిని లండనుకును, ప్యారిసుకును కొనిపోయిరి.

ఆ నీలిబొమ్మలను గూర్చి కొంచెము చెప్పవలెను. వానికి ఉషబ్తీలని పేరు. జానెడు పొడవైనను ఉండని యీ బొమ్మ, చేతులు ఱొమ్మున ముడిచి, చెఱియొక చేత పాఱ పట్టుకొని, విత్తనముల సంచి వీపున వ్రేలాడవేసికొని నిలిచియుండును. దాని యొడలిపై నల్లని సిరాతో యజమాని పేరు వ్రాయబడియుండును. నైలునది యేటేట పొంగి తీసినప్పుడెల్ల కాలువలు పూడిపోవును, గట్లు తెగును. వానిని బాగుచేయుటకు రాజాజ్ఞచే జనులందఱు వెట్టిచాకిరికి పోవలసియుండెడిది. పరలోకమున గూడ పొలములు, కాలువలు, గట్లు కలవనియు, అందుచే వెట్టియు తప్పదనియు ఈజిప్టువారు నమ్మిరి. అచట పేరు పెట్టి పిలిచినచో రాజైనను, రాణియైనను పాఱ పట్టవలసినదే. అట్టి పిలుపు వచ్చినపుడు యజమానికి మాఱుగ ఈ బొమ్మ లేచి, పని చేయుటకు తాను సిద్ధముగ నున్నానని పలుకవలెను. దానికి తగిన మంత్రము బొమ్మపై వ్రాసియుంచెడివారు.

తొలుత సమాధికి ఒకటి రెండు బొమ్మలు చాలినవి. రానురాను వాని సంఖ్య పెరిగెను. కడపట సంవత్సరములో దినమునకొక్కటి చొప్పున 365 పనివాండ్రను, వారిలో పదిమందికొకడు చొప్పున కొరడా పట్టిన 36 మంది మేస్త్రులను, మొత్తము 401 బొమ్మలను పెట్టుట వాడుక యయ్యెను. పనివాండ్రు బొమ్మలే యైనను మేస్త్రి లేనిదే పని సాగదని వారు అనుభవముచే ఎఱిగియుందురు కాబోలు!

లక్సరునుండి వెలువడిన చెక్కపలకలలో ఒకటి ఇంతకంటె వింతయైనది. అది నెస్‌ఖోన్సు అను స్త్రీకి సంబంధించినది. ఆమె థీబ్సులోని ఆమెను దేవుని ప్రధానార్చకుడగు రెండవ పినుజెము భార్య. ఆమె బొమ్మలు ఆమెకు తప్పక పని చేయవలెనని ఆమెను దేవుడు తీర్పు చెప్పినట్లు ఆ పలకపై వ్రాసియున్నది. బొమ్మలు చేసినవారికి ముట్టజెప్పిన వెలయే ఆ బొమ్మలకు కూలియని కూడ అందు కలదు. కూలి యీయక పని చేయించుకొనుట పరలోకమున సైతము చెల్లదని ఆ వ్రాత వ్రాయించినవారు భావించిరి. ఇదే నెస్‌ఖోన్సును గూర్చి మఱియొక పపైరసులో, ఆమె చనిపోయిన పిమ్మట భర్తకు ఎట్టి కీడును తలపెట్టకుండునట్లు దేవుడు కట్టడి చేసినట్లున్నది. ఆ దంపతుల నడుమ నేమి జరిగెనో మనము ఊహింపవలసినదే.

బొమ్మలకు పని చెప్పుటకు యజమాని యొకడు ఉండవలెను గదా! అందుచే శరీరమును చెడకుండ కాపాడుట వారికి ముఖ్యమయ్యెను. ఆ సంస్కారము 70 దినములు జరిగెడిది. మొదట కడుపులోని అవయవములను తీసివేసి, శరీరమును నాట్రాను అను ఒకవిధమైన సోడా యుప్పులో సుమారు 40 దినములు కప్పియుంచెడివారు. ఆ యుప్పు శరీరమందలి తేమనంతయు పీల్చివేయును. పిదప నూనెలును, చెట్ల బంకలును పూసి, సన్నని నారబట్టల పట్టీలను పొరపై పొరగ చుట్టెడివారు. మమ్మీయనగా ఇదియే. హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్సునందలి ప్రదర్శనశాలకు పోయినవారు అచట ఈజిప్టునుండి తెచ్చిన మమ్మీ నొకదానిని చూడవచ్చును.

తీసిన అవయవములను పాఱవేయలేదు. కాలేయము, ఊపిరితిత్తులు, జీర్ణకోశము, ప్రేవులు అను నాలుగింటికి నాలుగు కలశములు. వాని మూతలపై వరుసగ మనిషి, కోతి, నక్క, డేగ తలలు చెక్కబడియుండును. ఈ నలుగురును హోరసు దేవుని కుమారులు, వారే కావలివారు. మెదడునకు మాత్రము వారు విలువ నీయలేదు. దానిని ముక్కునుండి లాగి పాఱవేసిరి. బుద్ధికి నిలయము హృదయమని వారి నమ్మకము. హృదయమును శరీరముననే యుంచిరి. పరలోకపు న్యాయసభలో దానిని త్రాసున నొకప్రక్క వేసి, రెండవప్రక్క సత్యదేవతయగు మాతు యొక్క ఈకను వేసి తూచెదరట. అప్పుడు తన హృదయమే తన తప్పులను బయటపెట్టునేమోయని భయము! అట్లు జరుగకుండ, పేడపురుగు ఆకారమున చెక్కిన రాతిపై మంత్రము వ్రాసి, ఱొమ్ముపై నుంచెడివారు. సమాధి వాకిట అర్చకుడు వడ్రంగి బాడిసవంటి పనిముట్టుతో మమ్మీ పెదవులను తాకి, నోరు తెఱపించు కర్మ జరిపెడివాడు. ఆపై మృతుడు తినగలడు, త్రాగగలడు, తన పేరు తాను చెప్పుకొనగలడు.

పేరు వారికి ప్రాణముతో సమానము. పేరు చెఱగిపోయినచో మనిషి మఱల చచ్చినట్లే. అందుచేతనే బొమ్మమీద, కలశముమీద, పేటికమీద, చుట్టిన గుడ్డమీద, ఎక్కడబడిన నక్కడ యజమాని పేరు వ్రాయించిరి. గుర్నావారి రహస్యమును బయటపెట్టినది ఈ పేర్లే.

ఫ్రాన్సు దేశీయుడగు గాస్టను మాస్పెరో ప్రాచీనలిపిని చదువుటలో గొప్ప పండితుడు. ఐరోపాకు చేరిన ఆ వస్తువులలో కొన్నింటిని ఆయన చూచెను. వానిపై పినుజెము, నెస్‌ఖోన్సు, నొజ్మెతు అను పేర్లు కనబడెను. వీరందఱు క్రీ.పూ. 11, 10 శతాబ్దములలో థీబ్సు నేలిన అర్చకుల కుటుంబమువారు. ఆ కుటుంబపు సమాధి అంతవఱకు పండితుల కెవ్వరికిని తెలియదు. ఒక్క కుటుంబమువారి వస్తువులే వరుసగ పదియేండ్లనుండి బజారునకు వచ్చుచున్నవనగా, ఆ సమాధి నెవరో కనుగొని, అవసరము వచ్చినపుడెల్ల కొంచెము కొంచెముగ తెచ్చి అమ్ముచున్నారని తేలినది. దొంగసొమ్ముపై యజమాని పేరు చెక్కియున్నచో దాచుట యెట్లు?

1881 జనవరిలో ఈజిప్టు పురావస్తుశాఖకు అధిపతియగు మేరియెటు మరణింపగా ఆ పదవి మాస్పెరోకు లభించెను. ఏప్రిలు నెలలో ఆయన లక్సరునకు వచ్చి విచారణ సాగించెను. అనుమానమంతయు గుర్నాలోని అబ్దెల్ రసూలు సోదరులమీదికి పోయెను. వారిలో నొకడగు అహమ్మదును పట్టి కెనా పట్టణమునందలి జిల్లాధికారియగు దావూదు పాషా వద్దకు పంపిరి. ఆ పాషా పేరు చెప్పినచో జనులు వణకెడివారు. అహమ్మదు అరికాళ్లమీద కఱ్ఱలతో కొట్టించిరి. అతడు నోరు విప్పలేదు. పైగా గుర్నా పెద్దలు గుంపుగ వచ్చి, అహమ్మదువంటి సత్యసంధుడు మఱియొకడు లేడని ప్రమాణము చేసిరి. చేయునది లేక రెండు నెలల పిమ్మట అతనిని విడిచిపెట్టిరి.

పాషా దెబ్బలు చేయలేని పనిని ఇంటిలోని తగవు చేసెను. దెబ్బలు తిన్నది తానొక్కడే గనుక తన వాటా పెరుగవలెనని అహమ్మదు పట్టుపట్టెను. అంతవఱకు అతనికి వచ్చుచున్నది అయిదవపాలు. ఇపుడు సగము కోరెను. సోదరులు ఒప్పుకొనలేదు. మాటకు మాట పెరిగి, గుట్టు నేడో రేపో రట్టగునని తోచినపుడు పెద్దవాడగు మహమ్మదు మేలుకొనెను. ఇంకొకడు చెప్పకముందే తాను చెప్పుట మంచిదని తలచి, జూన్ 25వ తేదిన కెనాకు పోయి పాషా యెదుట సర్వము ఒప్పుకొనెను.

మాస్పెరో అప్పటికి సెలవుమీద ఫ్రాన్సునకు పోయియుండెను. అందుచే ప్రదర్శనశాలలో ఆయనకు సహాయకుడగు ఎమిలు బ్రుగ్షు అను జర్మను దేశీయుడును, అహమ్మదు కమాలు అను ఈజిప్టు పండితుడును బయలుదేరిరి. స్వదేశపు ప్రాచీన చరిత్రను శాస్త్రీయముగ నభ్యసించిన మొదటి ఈజిప్టువారిలో అహమ్మదు కమాలు ఒకడు. జులై 6వ తేదిన మహమ్మదు వారిని దెయిరెల్ బహ్రీ కొండచఱియల నడుమకు కొనిపోయెను. పదియేండ్లకు ముందు తప్పిపోయిన మేక నొకదానిని వెదకుచు తమవారు ఆ చోటు కనుగొనిరని ఆ కుటుంబమువారు చెప్పుకొనెడివారు.

అది బావివంటి గొయ్యి. లోతు సుమారు 12 మీటర్లు. బ్రుగ్షు నడుమునకు త్రాడు కట్టించుకొని దిగెను. అడుగున, మనిషి వంగి ప్రాకవలసినంత సన్నని దారి. లోన గాలియాడదు, ఎండాకాలపు వేడి, వెలుగునకు క్రొవ్వొత్తి యొక్కటే. దారి యంతట నీలిబొమ్మల పెట్టెలు, కలశములు, పేటికలు అడ్డదిడ్డముగ పడియున్నవి. ఇంతవఱకు బ్రుగ్షు ఊహించినదే. అర్చక కుటుంబపు సమాధి కదా! కాని ఒక పేటికపై క్రొవ్వొత్తి నానించి పేరు చదివినపుడు ఆయన తన కన్నులను తాను నమ్మలేకపోయెను. అది మొదటి సేతి. ప్రక్కనున్నది మూడవ తుత్‌మోసు. ఇంకొకటి రెండవ రామెసీసు. మఱియు మొదటి అహ్‌మోసు, మొదటి అమెన్‌హోటెపు, రాణి అహ్‌మోసు నెఫెర్తారి! సుమారు 70 మీటర్ల పొడవునను, చివరి గదిలోను కలిపి నలుబదికి పైగా మమ్మీలు. ఈజిప్టు చరిత్రలో ఘనకీర్తి గాంచిన రాజులు, తమ తమ రాతిసమాధులను విడిచి, ఒక్క చీకటిగుహలో ఒకరినొకరు ఒరసికొని పడియుండిరి. వీరిలో సేతి రాజు సమాధిని 1817లోనే బెల్జోనీ యనువాడు కనుగొనియుండెను. అందలి చక్కని పాలరాతి తొట్టెలో శరీరము లేదు. ఆ తొట్టె లండనుకు చేరెను. దానిలో శయనింపవలసిన రాజు ఇక్కడ ఉండెను.

బ్రుగ్షు పైకి వచ్చి ఆలోచించెను. గుహనిండ ధనమున్నదను వదంతి అప్పుడే పల్లెలలో ప్రాకియుండెను. ఆలస్యమైనచో ఏమగునో తెలియదు. వెంటనే 300 మంది కూలీలను కూర్చి 48 గంటలలో గుహను ఖాళీ చేయించెను. ఈ తొందరలో ఏ పేటిక ఎచట నుండెనో పటము గీయలేదు. లోపలి ఛాయాపటము లొకటియు తీయలేదు. అది తీరని లోటు. ఏ రాజును ఎవరితో కలిపి, ఏ వరుసలో లోనికి తెచ్చిరో పండితులు నేటికిని తర్జనభర్జన పడుచుండుటకు ఇదియే కారణము. 1998 తరువాత రష్యా, జర్మను పండితులు ఆ గుహను మఱల శుభ్రము చేసి పరిశీలింపవలసివచ్చెను. రాజుల ప్రాణములకు భయము లేదు గాని, బ్రుగ్షునకు తన ప్రాణము మీదను, కూలీలకు తమ కూలిమీదను దృష్టి యుండుట సహజమే.

పేటికలను చాపలలో చుట్టి, మండుటెండలో పొలములగుండ మోసికొనిపోయి, నది దాటించిరి. ప్రదర్శనశాలవారి పొగయోడ వచ్చి వానిని ఎక్కించుకొని కైరోకు బయలుదేరెను. అప్పుడు ఎవ్వరును ఎదురుచూడని సంగతి జరిగెను. లక్సరు మొదలు కుఫ్తు వఱకు నదికి రెండుగట్లపై పల్లెల ఆడువారు జుట్టు విరబోసికొని, పెద్దపెట్టున ఏడ్చుచు ఓడవెంట నడచిరి. చావుయింట పేల్చినట్లు మగవారు తుపాకులు పేల్చిరి. వారు ముస్లిములు, క్రైస్తవులు; ఆ రాజుల దేవతల పేర్లయినను ఎఱుగనివారు. రాజులు పోయి మూడువేల యేండ్లైనది. అయినను తమ యూరినుండి శవములు తరలిపోవుచున్నవని వారు ఏడ్చిరి.

ఇంతటి రాజులు అట్టి గోతిలోనికి ఎట్లు వచ్చిరి? దీనికి జవాబు ఇంకను పాతది. క్రీ.పూ. 1100 ప్రాంతమున, తొమ్మిదవ రామెసీసు ఏలుబడిలో దేశము చితికిపోయియుండెను. సమాధుల దోపిడి ప్రబలెను. ఆ రాజు 16వ ఏట జరిగిన విచారణ వ్రాతలు పపైరసులపై నేటికిని నిలిచియున్నవి. వానిలో ఒకదాని పై సగము 1935లో బ్రస్సెల్సు ప్రదర్శనశాలలో ఒక కొయ్యబొమ్మ కడుపులో దొరకెను! అందు అమెన్‌పనూఫెరు అను రాతిపనివాని వాఙ్మూలము కలదు. తానును, మఱి యేడుగురును కలిసి, నాలుగువందల యేండ్లకు పైబడిన సొబెకెంసాఫు రాజు సమాధికి కన్నము వేసిరనియు, రాజు మీదను, రాణి మీదను ఉన్న బంగారము నూడ్చుకొని పేటికలకు నిప్పు పెట్టిరనియు అతడు చెప్పెను. దొరకిన బంగారము 160 దెబెనులు, అనగా సుమారు పదునాలుగున్నర కిలోగ్రాములు; మనిషికి ఇరువదేసి దెబెనుల వంతు వచ్చెను. అతడొకసారి పట్టుబడెను గాని తన వంతు బంగారమును ఒక గుమాస్తాకు లంచమిచ్చి బయటపడి, మఱల ముఠాలో చేరెను. తోడివారు తమ పాళ్లలోనుండి తలకొంత తీసి అతనికి మఱల వంతు కల్పించిరి. అబ్దెల్ రసూలు సోదరులకు వీరి కథ తెలిసినయెడల కొంత మేలుగ నుండెడిదేమో!

తరువాతి కాలమున థీబ్సు నేలిన అర్చకులకు రాజసమాధులకు కావలి యుంచు శక్తి లేకపోయెను. వారొక యుపాయము పన్నిరి. చెల్లాచెదరైన రాజశరీరములను ఏఱి, చిరిగిన కట్లను విప్పి క్రొత్త నారబట్టలు చుట్టి, దొరకిన పేటికలలో పెట్టి, ఒక సమాధినుండి మఱియొక సమాధికి మార్చిరి. రెండవ రామెసీసును మొదట తండ్రియగు సేతి సమాధిలోనికి చేర్చి, అచటనుండియు మార్చవలసివచ్చెను. కడపట, క్రీ.పూ. 10వ శతాబ్దమున, రెండవ పినుజెము కుటుంబపు సమాధిలో అందఱిని చేర్చి, నోరు మూసివేసిరి. మార్చిన ప్రతిసారియు పేటికమూతపైననో, ఱొమ్ముమీది గుడ్డపైననో సిరాతో రెండు మూడు పంక్తులు వ్రాసిరి. ఏ సంవత్సరము, ఏ దినము, ఏ రాజు, ఎవరి యాజ్ఞచే ఎటకు మార్పబడెను — ఇంతే. శిల్పము లేదు, స్తోత్రము లేదు. గుమాస్తా చేవ్రాత. ఆ పంక్తులు లేనిచో బ్రుగ్షు క్రొవ్వొత్తి వెలుగున చూచినవి పేరులేని శవములై యుండెడివి.

ఈ అర్చకులు కేవలము పుణ్యాత్ములని చెప్పుటకును వీలులేదు. మూడవ తుత్‌మోసు పేటికపైనున్న బంగారురేకును బాడిసతో చెక్కివేసిన గుర్తులు స్పష్టముగ నున్నవి. అది దొంగలకు ఎర కాకుండ తీసిరో, చితికిన ఖజానాకు చేర్చిరో, రెండును నిజమో! అదే రాజు శరీరమును దొంగలు మూడు తునుకలు చేయగా, నిటారుగ నిలుచుటకై కట్లలో చిన్న తెడ్లను చేర్చి చుట్టినవారును వీరే.

మొదటి అమెన్‌హోటెపు మమ్మీని ఆధునికకాలమున ఎవ్వరును విప్పలేదు. తలనుండి పాదములవఱకు పూలదండలతో కప్పబడి, ముఖమున చక్కని తొడుగుతో నున్న దానిని చెఱచుటకు మాస్పెరోకు చేతులు రాలేదు. ఆ పేటికలో పూలతోబాటు ఒక కందిరీగయు ఎండి పడియుండెను. పూలవాసనకు లోనికి వచ్చినది, మూత మూయుటతో అందే చిక్కిపోయినదని మాస్పెరో వ్రాసెను. 2021లో సహరు సలీము అను ఈజిప్టు స్త్రీ వైద్యురాలును, జాహి హవాసును కలిసి, ఒక్క పోగైన కదల్పకుండ, ఆ మమ్మీని సి.టి. స్కాను యంత్రముతో పరీక్షించిన ఫలితములు ప్రకటించిరి. రాజు సుమారు 35 ఏండ్లకు మరణించెను. శరీరముపై 30 తాయెత్తులును, 34 బంగారు పూసల మొలనూలును ఇంకను ఉన్నవి. దొంగలు మెడ విఱుగగొట్టగా, అర్చకులు బంక పూసిన గుడ్డపట్టీతో తలను మఱల అతికిరి. ఈ రాజు విషయమున మాత్రము వారు నగలను ముట్టలేదు.

రెండవ రామెసీసు కట్లను 1886 జూన్ 1వ తేదిన ఈజిప్టు పాలకుడగు ఖెదీవు సమక్షమున పావుగంటలో విప్పివేసిరి. డెబ్బది దినములు శ్రమించి చుట్టినవారు చూచినచో ఏమందురో! అదే దేహమును శిలీంధ్రములు పట్టి పాడుచేయుచుండగా 1976లో చికిత్సకై ప్యారిసునకు పంపిరి. అచట దేశాధినేతకు చేయు సైనికమర్యాదలతో స్వాగతమిచ్చిరి. ఆయన ముక్కురంధ్రములలో మిరియపు గింజలు కనబడినవి. ముక్కు ఆకృతి చెడకుండ అర్చకులు వానిని కూర్చిరట. మిరియము ఈజిప్టున పండదు. అది దక్షిణభారతదేశపు పంట. మూడువేల రెండువందల యేండ్లకు పూర్వము ఆ గింజలు ఎన్ని చేతులు మాఱి, ఎన్ని ఓడలెక్కి నైలునదిని చేరెనో!

గుట్టు చెప్పిన మహమ్మదు అబ్దెల్ రసూలునకు 500 పౌనుల బహుమానము ముట్టెను. అంతేగాక మాస్పెరో అతనిని థీబ్సు త్రవ్వకములలో మేస్త్రిగ నియమించెను. ఈ పని వ్యర్థము కాలేదు. 1891లో ఆ చుట్టుప్రక్కలనే 153 మంది అర్చకుల, వారి కుటుంబీకుల పేటికలున్న మఱియొక గుహను అతడే చూపెను. గుర్నా పల్లె మాత్రము నేడు లేదు. సమాధులను రక్షించుటకై 2006 తరువాత ప్రభుత్వము ఆ యిండ్లను పడగొట్టించి, జనులను వేఱొక చోటికి తరలించెను.

2021 ఏప్రిల్ 3వ తేది సాయంకాలమున ఆ రాజులు ఇంకొకమాఱు ప్రయాణము చేసిరి. కైరో నడిబొడ్డునగల పాత ప్రదర్శనశాలనుండి ఫుస్తాతులోని క్రొత్త ప్రదర్శనశాలకు 18 మంది రాజులను, నలుగురు రాణులను ఊరేగింపుగ తరలించిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క వాహనము; వాహనముపై ఆ రాజు పేరు. ఇరువదియొక్క ఫిరంగులు మ్రోగెను. రాజ్యకాలపు వరుసను బట్టి ప్రాచీనుడు ముందుగను, అర్వాచీనుడు వెనుకగను సాగిరి. కట్టకడపటి వాహనమున వచ్చినవాడు తొమ్మిదవ రామెసీసు. సమాధి దొంగల విచారణ జరిపించిన రాజు ఆయనయే. 1881లో గుహలో ఆయన దొరకినది తన పేటికలో కాదు. నీలిబొమ్మలకు కూలి యిప్పించుకొనిన నెస్‌ఖోన్సు పేటికలో.